మడుల మధ్య గోడ

కిందటి వారం కండక్టరమ్మ చేతిలో స్ప్రేయరు మూడు ముక్కలైంది. కళ్ళారా చూసిన వీధివాళ్ళు "ఇంక ఆ ఇల్లు రెండు ముక్కలవడమే తరువాయి" అనుకుంటూ ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. చూడనివాళ్ళకి సంగతి చెప్పాలి కదా.

ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఎడమ వాటాలో సిటీ బస్సు కండక్టరుగా ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మన కండక్టరమ్మ, తాళాలు బాగుచేసే ఆమె మొగుడు. కుడి వాటాలో బట్టల కొట్టు గుమాస్తాగా పనిచేసే ఆమె మరిది, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసే తోటికోడలు. రెండు వాటాలకీ కలిపి వెనక ఒకటే పెరడు. పదకొండేళ్ళ కిందట కొత్తకోడలిగా అడుగుపెట్టిన ఆ పిల్లకి విత్తనం ఎంత లోతున పెట్టాలో, నీళ్ళు ఎప్పుడు పోయకూడదో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కండక్టరమ్మే. ఎనిమిదేళ్ళుగా ఆ పెరట్లో పురుగుమందు గానీ, రసాయనపు ఎరువు గానీ చిటికెడు పడలేదు. రాలిన ఆకులు, వంటింటి తొక్కలు, పశువుల ఎరువు, అంతే.

ఈ వసంతంలో ఆ పెరడు ముడుచుకుపోయింది. చలి తగ్గి, ఎండ వెచ్చబడి, మొక్కలు పోటీలు పడి పెరగాల్సిన రోజుల్లో టమాటా చిగుళ్ళు దారాల్లా సన్నబడి మెలితిరిగాయి. బీన్స్ ఆకులు పిడికిళ్ళు బిగించాయి. వంకాయ నారు సగం నేల కరిచింది. సరిగ్గా అప్పుడే తోటికోడలు స్ప్రేయరు పట్టుకుని మడుల మధ్య తిరుగుతూ కండక్టరమ్మ కంటపడింది. "ప్రహరీ పక్క కలుపు పీకలేక నడుం పడిపోతోందక్కా, ఏదో ఒక మందు కొట్టేస్తే పీడా పోతుంది" అని ఆ పిల్ల ఒకనాడు నవ్వులాటకి అన్న మాట ఆమెకి గుర్తుకొచ్చింది. ఇంకేముంది, అగ్గి మీద గుగ్గిలం! స్ప్రేయరు లాక్కుని, వీధిలోకి పట్టుకెళ్ళి, నలుగురూ చూస్తుండగా రాతిమెట్టుకేసి కొట్టింది. "కడుపులో విషం పెట్టుకుని నా మడుల్లో తిరుగుతున్నావా? నీకూ నాకూ మధ్య గోడ లేవాల్సిందే!" అని అరిచింది.

ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడలేదు. స్ప్రేయరు ముక్కలు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది. తప్పు చెయ్యనిదైతే నోరు పెగలదా అని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది.

అది జరిగి తొమ్మిది రోజులు.

ఇవాళ కండక్టరమ్మకి వారపు సెలవు. పొద్దున్న ఏడింటికే మేస్త్రి దిగాడు. ఇటుకలు ముందురోజే వచ్చి సందులో పేర్చి ఉన్నాయి. రెండు వంటిళ్ళ గుమ్మాలకి మధ్యన ఒక మేకు దిగ్గొట్టి, అక్కడి నుంచి వెనక ప్రహరీ దాకా దారం లాగాడు. దారం సరిగ్గా బీన్స్ పందిరి నడినెత్తి మీద నుంచి పోయింది.

"అమ్మా, పునాది తవ్వితే ఈ మడి సగం పోతుంది మరి" అన్నాడు మేస్త్రి తల గోక్కుంటూ.

"పోనీ. ఎలాగూ చచ్చిన మడే."

"కుళాయి అటుపక్కకి పోతుంది."

"పోనీయవయ్యా! నీళ్ళు నేను మోసుకుంటాను. ఆవిడ మొహం చూస్తూ కుళాయి తిప్పేకన్నా బిందెతో మొయ్యడం నయం."

కోపం ఆమెకి కొత్త కాదు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నుంచి వెనక తలుపు దాకా వినిపించేలా అరవడం ఆమె ఉద్యోగం. కానీ ఆ కోపం స్టాపు స్టాపుకీ దిగిపోయేది. ఈ తొమ్మిది రోజుల కోపం దిగలేదు. నిన్న బస్సులో మెట్టు మీద వేలాడిన పాపానికి ఒక కాలేజీ కుర్రాడికి మూడు స్టాపుల దూరం క్లాసు పీకింది. వాడు దిగాల్సిన చోటు దాటిపోయినా భయపడి దిగలేదు. మొక్కలు చచ్చినందుకు ఇంత కోపమా అంటే, కాదు. చంపింది ఎవరో అయితే ఇంత కోపం రాదు. తను దగ్గరుండి నేర్పిన చెయ్యే చంపింది, అదీ ఆమె బాధ. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

మేస్త్రి గునపం ఎత్తాడు. కుడి వాటా తలుపు తెరుచుకుంది.

తోటికోడలు బయటికొచ్చింది. చేతిలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో నాలుగు తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో మూడేసి చిన్న మొక్కలు. ల్యాబుకి వెళ్ళే టైమే. అయినా కోటు వేసుకోలేదు, జుట్టు దువ్వుకోలేదు. మెట్టు దిగి వచ్చి, దారానికి ఇవతల ఆగింది.

"గోడ మొదలుపెట్టే ముందు ఒక పది నిమిషాలు ఇవ్వండి."

"ఎవరితో మాట్లాడుతున్నావ్? మేస్త్రితోనా?"

"మీతోనే."

కండక్టరమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. పదకొండేళ్ళలో ఆ పిల్ల ఆమెని మీరు అనలేదు. "నువ్వుండక్కా", "నువ్వు తిన్నావా అక్కా", "నీకేం తెలీదక్కా" అంటూ చంకనెక్కిన పిల్ల. ఇప్పుడు పరాయి ఆవిడతో మాట్లాడినట్టు మీరట. ఆమె ఒంటికాలి మీద లేచింది.

"తొమ్మిది రోజులు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావే! వీధిలో అంత మాటన్నా నోరు తెరవలేదే! ఇప్పుడు గునపం లేచేసరికి మాటలొచ్చాయా?"

"తొమ్మిది రోజుల కిందట నా దగ్గర రిపోర్టు లేదు. ఇవాళ ఉంది."

"ఏం రిపోర్టు? ఎవరి రిపోర్టు?"

తోటికోడలు పళ్ళెం అరుగు మీద పెట్టింది. కండక్టరమ్మ వంగి చూసింది. చూసి, చటుక్కున వెనక్కి జరిగింది.

"ఛీ! ఇవి మీ ల్యాబులో మూత్రం పట్టే డబ్బాలు కావూ?"

"కొత్తవే. ఎవరూ వాడనివి. అడుగున చిల్లులు పెట్టాను."

మేస్త్రి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కండక్టరమ్మ అతనికేసి ఒక చూపు చూసింది. దగ్గు ఆగిపోయింది.

డబ్బాల మీద నల్ల మార్కరుతో గుండ్రటి అక్షరాలున్నాయి. రక్తం సీసాల మీద రాసి రాసి ఆ పిల్ల చేతిరాతే అంత. ప్రహరీ పక్క మట్టి. మడి మట్టి. ఎరువు కుప్ప. వీధి చివర ఖాళీ జాగా మట్టి. కింద తేదీ.

"అన్నిట్లోనూ ఒకే ప్యాకెట్లో బీన్స్ గింజలు. ఒకే కిటికీ, ఒకే గ్లాసుతో నీళ్ళు. పెట్టి పదహారు రోజులైంది" అంది తోటికోడలు. "ఆకులు ముడుచుకోవడం చూడగానే మొదట పేనుబంక అనుకున్నాను. సబ్బునీళ్ళు కొట్టాను. సబ్బు ఎంత కలపాలో నేర్పింది మీరే. మీరు పగలగొట్టిన స్ప్రేయర్లో ఉన్నది కూడా అదే."

"ఆ మాట ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా!"

"చెబితే నమ్మేవారా?"

నమ్మేది కాదు. ఆ సంగతి కండక్టరమ్మకీ తెలుసు.

"సబ్బునీళ్ళతో తగ్గలేదు. ఆకు వెనక ఒక్క పురుగు లేదు. అప్పుడు మట్టి మీద అనుమానం వచ్చింది, గింజలు పెట్టాను. మీరు వీధిలో అరిచిన రోజుకి ఇవి ఏడు రోజుల పిల్లలు. ఆకులు కూడా సరిగ్గా విచ్చలేదు. రక్తం చూడకుండా రోగం పేరు చెప్పడం నాకు రాదు. అందుకని నోరు మూసుకున్నాను." ఆమె మొదటి డబ్బా ముందుకి జరిపింది. "ఇది ప్రహరీ పక్క మట్టి. నేను మందు కొట్టానని మీరనుకున్న చోటు. చూడండి."

ప్రహరీ పక్క మట్టిలో మూడు మొక్కలూ నిటారుగా ఉన్నాయి. ఆకులు అరచేతుల్లా విచ్చుకున్నాయి. వీధి చివర మట్టిలోనూ అంతే. మడి మట్టిలో మూడూ తలలు వంచుకున్నాయి. ఎరువు కుప్ప డబ్బాలో మొక్కల్ని మొక్కలనడానికి లేదు. కాడ మెలితిరిగి, ఆకులు గిన్నెల్లా ముడుచుకుని, కొత్త చిగురు పుట్టకముందే మాడిపోయింది.

"ఇంకో మాట" అంది తోటికోడలు. ఇప్పుడు ఆమె గొంతు లేచింది. పదకొండేళ్ళలో ఆ గొంతు అంత పైకి లేవడం కండక్టరమ్మ వినలేదు. "నేను కలుపు మందు కొడితే ముందు చావాల్సింది ఏది? కలుపు! ఆ ప్రహరీ వారన చూడండి, మోకాలెత్తు పెరిగింది. పచ్చగా నవ్వుతోంది. కలుపు మందుకి కలుపు చావకుండా మీ టమాటాలే చచ్చాయా? ఇరవై రెండేళ్ళు టిక్కెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి కనబడలేదా?"

ప్రహరీ వారన కలుపు నిజంగానే మోకాలెత్తు ఉంది. తొమ్మిది రోజులుగా కండక్టరమ్మ అటువైపు చూస్తూనే ఉంది. కోపంతో చూసిన కంటికి కలుపు కూడా కనబడదు కాబోలు.

"ఆ చివర మొక్కజొన్న చూడండి. అదే మడి, అదే ఎరువు. దానికేమీ కాలేదు. ఎందుకంటే అది గడ్డిజాతి. గడ్డి పొలాల్లో కొట్టే మందులు కొన్ని ఉంటాయి. అవి గడ్డిని ఏమీ చెయ్యవు, వెడల్పాకు మొక్కల్నే పట్టుకుంటాయి. ఆ గడ్డి తిన్న పశువుకీ ఏమీ కాదు. కానీ మందు మాత్రం పేడలో అలాగే బయటికొస్తుంది. కుళ్ళినా పోదు, నెలల తరబడి ఉంటుంది."

"పేడలోనా?"

"పేడలోనే. ఈ పెరట్లో పడిన మందు స్ప్రేయర్లోంచి రాలేదు. ఎరువు బండిలో వచ్చింది."

ఆ మాటతో కండక్టరమ్మకి చల్లబడబోతున్న కోపం మళ్ళీ నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ బండి పంపింది ఆమె తమ్ముడు.

తమ్ముడు పాడి పశువులు పెట్టుకుని పాలు అమ్ముతాడు. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళిలో అక్కాతమ్ముళ్ళిద్దరూ మాటా మాటా అనుకున్నారు. అప్పటి నుంచి మాటల్లేవు. ఆరు వారాల కిందట ఒక పొద్దున్న అతనే బండెడు ఎరువుతో గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు. "మడులు కడుతున్నావటగా అక్కా" అన్నాడు, అంతే. నాలుగేళ్ళ కోపం ఆ బండి దగ్గరే దిగిపోయింది. నల్లగా, పొడిపొడిగా మాగిన ఎరువు. ఆమె గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి, తట్ట పట్టుకుని తనే దిగింది. రెండు రోజులు ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. బస్సులో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుంది. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ సంచి సంచి పంచింది. మా తమ్ముడు పంపాడు, మా తమ్ముడు పంపాడు!

"ఇంతసేపు చల్లకొచ్చి ముంత దాచావన్నమాట!" ఆమె గొంతు పక్క వీధికి వినిపించి ఉంటుంది. "చివరికి మా పుట్టింటి మీద పెట్టావా? నాలుగేళ్ళకి నా తమ్ముడు నా గడప తొక్కితే ఓర్వలేకపోయావా? వాడు నాకు విషం పంపుతాడా? నాలుగు డబ్బాల్లో నాలుగు గింజలు పెట్టి మా అక్కాతమ్ముళ్ళని విడదీస్తావా?"

"ఆయన కావాలని పంపారని నేననలేదు."

"అన్నావు!"

"అనలేదు. ఎరువులో ఉందన్నాను. మీరు పుట్టింటి మాట తెచ్చారు."

మేస్త్రి గునపం కింద పెట్టాడు. వెళ్ళిపోదామా ఉందామా అన్నట్టు కాసేపు చూసి, ఎరువు కుప్ప డబ్బా చేతిలోకి తీసుకుని ఎండలోకి తిప్పాడు.

"అమ్మా, ఒక మాట చెప్తే తిట్టరు కదా?"

"తిడతాను. చెప్పు."

"మా ఆవిడ మీ బస్సులోనే పనికి పోతుంది. మీరే ఒక సంచి ఎరువు ఇచ్చారట. టమాటా కుండీల్లో వేసింది. అచ్చం ఇట్టాగే ముడుచుకున్నాయి." అతను డబ్బా పళ్ళెంలో పెట్టేశాడు. "నేను మా పక్కింటోడే ఏదో చేశాడనుకున్నా. మొన్న వాడి కాలర్ పట్టుకున్నా కూడా."

ఎవరూ నవ్వలేదు. కండక్టరమ్మ అరుగు అంచు పట్టుకుంది. మేస్త్రి ఇల్లు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. అక్కడి కుండీల మీద తన తోటికోడలు మందు కొట్టలేదు. సంచి ఇచ్చింది తను. ఈ మడుల్లో తట్ట దింపింది తను. ఎనిమిదేళ్ళు కంటికి రెప్పలా కాచిన నేలలో మందు పోసిన చేతులు తనవి. ఆ పాపం ఆ పిల్ల నెత్తిన పెట్టి, వీధిలో నిలబెట్టి, విషం అనే మాట వాడింది.

సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. సిగ్గు వెయ్యగానే ఆమెకి ఇంకా కోపమొచ్చింది, ఈసారి తన మీదే.

"నువ్వు కాసేపిలా కూర్చో అక్కా" అంది తోటికోడలు.

కండక్టరమ్మ కూర్చోలేదు. కొంగు నడుముకి బిగించి, ఫోన్ తీసి తమ్ముడికి కొట్టింది. ఫోన్ చెవికి పెట్టుకోవడం ఆమెకి అలవాటు లేదు. బస్సు రొదలో వినబడదని ఎప్పుడూ స్పీకరే.

"చెప్పక్కా, తోట ఎట్లా ఉంది?" అన్నాడు తమ్ముడు హుషారుగా. వెనక పశువుల అరుపులు వినిపిస్తున్నాయి.

"చచ్చింది. నీ గడ్డికి ఏం కొట్టించావురా?"

అతని గొంతు తగ్గింది. "మడుల్లో వేశావా?" అన్నాడు.

"వెయ్యకుండా తలకి రాసుకుంటానా!"

"అదేంటక్కా! ఆ రోజే బావతో చెప్పాను కదా. కిందటేడు ముళ్ళ మొక్కలు తెగ పెరిగితే గడ్డిపొలంలో కలుపు మందు కొట్టించాను. ఆ ఎరువు ఈ ఏడాది కూరగాయలకి వెయ్యొద్దని డబ్బా మీద రాసుందట, మా జీతగాడు బండి ఎత్తాక చెప్పాడు. ఒక మూల పోసి వదిలెయ్యమన్నాను. నీకే చెబుదామంటే నువ్వు అప్పటికే తట్టెత్తుకుని మడుల్లోకి దిగిపోయావు. అంత సంతోషంగా ఉన్నావ్… బావ 'నేను చెప్తాలే, నువ్వెళ్ళు' అన్నాడు. అక్కా? వింటున్నావా?"

ఆమె ఫోన్ ఆపేసింది.

ఎడమ వాటా గుమ్మంలో ఆమె మొగుడు నిలబడి ఉన్నాడు. మేస్త్రికి టీ తెచ్చినట్టున్నాడు, రెండు చేతుల్లో రెండు గ్లాసులు. ఊళ్ళో అందరి తాళాలూ తీసే ఆ మనిషి తన నోరు తెరవడం మాత్రం ఏ నాలుగు రోజులకో ఒకసారి. పెళ్ళైన కొత్తలో అది మంచితనమనుకుంది కండక్టరమ్మ.

"విన్నారుగా" అంది.

"అదే… మళ్ళీ తమ్ముడితో మాటలు మానేస్తావేమోనని…" ఆయన నీళ్ళు నమిలాడు. "నాలుగేళ్ళ తర్వాత అంత నవ్వు మొహం చూసి… కాస్త మందే కదా, మట్టిలో కలిసి పోతుందిలే అనుకున్నా."

"నేను రెండు రోజులు ఈ మడుల్లో ఎరువు చల్లాను. మీరు ఆ గుమ్మంలోనే కూర్చుని తాళంచెవులు అరగదీస్తున్నారు. ఒక్క మాట అనలేదు."

"అదే…"

"సరే. అది మన సంసారం. చచ్చింది నా తోట. ఓర్చుకుంటాను." ఆమె ఒక్కో మెట్టూ ఎక్కింది. అరవడం లేదు. అరవనందుకే మేస్త్రికి భయమేసింది. "కానీ ఈ పిల్లని నడివీధిలో నిలబెట్టి నానా మాటలూ అంటుంటే మీరు ఎక్కడున్నారు? నా వెనకే ఉన్నారు. మీ చేతిలో స్క్రూడ్రైవరు కూడా నాకు గుర్తుంది. అసలు సంగతి తెలిసి, అప్పుడు కూడా నోరు పెగల్లేదా? మనిషేనా మీరు?"

ఆయన గ్లాసులకేసి చూశాడు.

ఆమె అక్కడ ఆగలేదు. సందులోంచి, ఇటుకల పక్క నుంచి, వీధి గేటు దాకా నడిచింది. తొమ్మిది రోజుల కిందట స్ప్రేయరు పగిలిన మెట్టు మీదే నిలబడింది. ఎదురింటి అరుగు మీద పేపరు చదివే పెద్దాయన ఉన్నాడు. పక్కింటి బాల్కనీలో బట్టలారేసే ఆవిడ ఉంది. చాలు, మిగతావాళ్ళకి వాళ్ళే చేరవేస్తారు.

"అందరూ వినండి! నా పెరట్లో మందు కొట్టింది మా తోటికోడలు కాదు! మందున్న ఎరువు తెచ్చి పోసుకున్నది నేను! తొమ్మిది రోజుల కిందట ఆ పిల్లని నేనన్న మాటలు ప్రతి ఒక్కటీ అబద్ధం. వీధిలో అన్నాను కాబట్టి వీధిలోనే వెనక్కి తీసుకుంటున్నాను. నా దగ్గర ఎరువు తీసుకున్నవాళ్ళు మొక్కలకి వెయ్యకండి, వేసినవాళ్ళు వచ్చి నన్ను తిట్టండి. ఇవాళ సెలవే, ఇంట్లోనే ఉంటాను!"

పేపరు పెద్దాయన పేపరు దించాడు. బాల్కనీ ఆవిడ చేతిలో తడి దుప్పటి జారి కింద పడింది. కండక్టరమ్మ ఇంకెవరి మొహమూ చూడకుండా వెనక్కి తిరిగింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

తోటికోడలు సందు చివర నిలబడి అంతా విన్నది. కళ్ళు తుడుచుకుంటూ, "అంత గట్టిగా అరవాలా అక్కా?" అంది.

"నాకు నెమ్మదిగా మాట్లాడ్డం ఎవరు నేర్పారు?" అంటూ కండక్టరమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి పెరట్లోకి నడిపించింది. "మేస్త్రీ, దారం చుట్టెయ్. గోడా లేదు, గీడా లేదు. ఆ మేకు పీకెయ్."

"అట్టాగేనమ్మా" అని మేస్త్రి సంతోషంగా వంగాడు.

"అదేం కుదరదు."

అందరూ తల తిప్పారు. అన్నది ఆమె మొగుడు. టీ గ్లాసులు ఎప్పుడు కింద పెట్టాడో పెట్టాడు.

"ఎరువు సంగతి వేరు, గోడ సంగతి వేరు" అన్నాడాయన ఎవరి మొహమూ చూడకుండా. "గోడ కట్టాల్సిందే."

"ఎందుకు?"

"ఇటుకలు వచ్చేశాయి. మేస్త్రి వచ్చాడు…"

"ఇటుకలు తిప్పి పంపేద్దాం. మునిగిపోయింది ఏముంది?"

"తిప్పి పంపడం కుదరదమ్మా" అన్నాడు మేస్త్రి. పాపం, సాయం చేద్దామనే అన్నాడు. "ఇవి కొట్లో దొరికే ఇటుకలు కావు. సన్నగోడకని కొలత ఇచ్చి చేయించినవి. బట్టీవాడు వెనక్కి తీసుకోడు. రెండు నెలల కిందట చెబితే నిన్నటికి వచ్చాయి."

కండక్టరమ్మ చెయ్యి తోటికోడలి భుజం మీదే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ కిందట?"

"రెండు నెలలమ్మా. ఇంకా చలి తగ్గలేదు. అయ్యగారూ, చిన్నయ్యగారూ ఇద్దరూ మా ఇంటికొచ్చారు."

"గోడ కట్టమని నేనడిగి తొమ్మిది రోజులే అయింది మేస్త్రీ."

"అవునమ్మా, అన్నదమ్ములు వాటాలు విడివిడిగా రాయించుకోవాలంటే మధ్యన గోడ ఉండాలట. మీకు అప్పుడే చెప్పొద్దన్నారు. 'ఇటుకలు రానీ, ఆడవాళ్ళే గోడ అడిగే రోజు వస్తుంది' అన్నారు." అంతా చెప్పేశాక గానీ అతనికి చెప్పకూడనిది చెప్పానని అర్థం కాలేదు. దారపు ఉండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రెండు నెలల కిందట ఈ పెరట్లో ఒక్క ఆకు ముడుచుకోలేదు. ఎరువు బండి రాలేదు. మడుల్లో గింజ కూడా పడలేదు. తామిద్దరూ ఇదే అరుగు మీద పక్కపక్కన కూర్చుని విత్తనాల పొట్లాలు విప్పుకుంటున్న రోజులవి. కండక్టరమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన చూపు ఆమె మీద లేదు, కుడి వాటా తలుపు మీద ఉంది.

తోటికోడలు అటు తిరిగింది. ఆమె మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏమండీ!" అని పిలిచింది. "ఏమండీ, మిమ్మల్నే! ఒకసారి బయటికి రండి!"

లోపల ఇంతసేపూ పారుతున్న కుళాయి ఆగింది. అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. తర్వాత తలుపు మూసుకుంది, లోపలి నుంచి గడియ పడింది.